దొర గదిలో ఖాళీ ఆకు

దొర బంగళాకు భోజనానికి పోయేవాళ్ళు ముందు ఇంట్లో తిని బయల్దేరతారు. ఈ సంగతి హోసూరు నుంచి కృష్ణగిరి దాకా అందరికీ తెలుసు, ఇన్‌స్పెక్టర్ ఈశ్వరప్పకు తప్ప.

డిటెక్టివ్ నాగజ్యోతికీ తెలుసు. తెలిసి కూడా ఆ మధ్యాహ్నం బంగళా వరండాలో అరిటాకు ముందు కూర్చుంది. ఆకలి అలాంటిది. తెల్లవారుజామున కోమల అనే ఆవిడ ఏడుస్తూ ఫోన్ చేసి లేపినప్పటి నుంచి ఆమె కడుపులో పడినవి రెండు కాఫీలు, ఒక గ్యాస్ మాత్ర. యాభై దాటిన వయసులో, అరిగిపోయిన మోకాళ్ళతో, పోలీసు ఉద్యోగం వదిలేశాక కూడా ఇంకా ఈ చావుల వెంట తిరగడమేమిటని ఆమె రోజుకొకసారి తనను తాను తిట్టుకుంటుంది. ఇవాళ అప్పటికే రెండుసార్లు తిట్టుకుంది.

ఆకులో తెల్లటి సాసు పోసిన కూరగాయ ముక్కలు, చల్లారిన పులావు, వణుకుతున్న పసుప్పచ్చ పుడ్డింగు ఉన్నాయి. ఒకప్పుడు ఇక్కడ కాపురమున్న దొర ఇవే తినేవాడని యజమాని చెప్పుకుంటాడు. ఆయన ఉండేది బెంగళూరులో, కాబట్టి ఆయనకు ఇవి తినే అవసరం లేదు. నాగజ్యోతి ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. ఉప్పు లేదు, కారం లేదు, వేడి కూడా లేదు. ఆ దొర దేశం వదిలి ఎందుకు పోయాడో అర్థమైంది. రెండో ముద్దకు చెయ్యి లేవలేదు. ఆకును తనవైపు మడిచి లేచింది.

అయినా ఈ బంగళా ఏ సాయంత్రమూ ఖాళీగా ఉండదు. పైన టేకు దూలాలు, కప్పు నుంచి వేలాడే బట్ట పంకా, గోడలో చలిమంట వేసుకునే గూళ్ళు, చీకటి పడగానే ఒక్కసారిగా వెలిగించే నూనె దీపాలు, మూలుగుతూ పాడే గ్రామఫోను. జనం వచ్చేది వాటికోసం. ఫోటోలు దిగుతారు, ఆకు ముందు మర్యాదకు కాసేపు కూర్చుంటారు, మడిచి పోతారు.

నిన్న సాయంత్రం అట్లా వచ్చినవాళ్ళలో ఒకాయన ప్రాణం పోయింది.

ఆయన కృష్ణగిరి నూనె వ్యాపారి గోపాలయ్య. భార్య కోమల, ఆమె తమ్ముడు గిరిప్రసాద్ వెంట ఉన్నారు. దంపతులకు అది నలభయ్యో పెళ్ళిరోజు. దొర గది అని పిలిచే లోపలి గదిలో వాళ్ళ ముగ్గురికే బల్ల వేశారు. దీపాలు వెలిగించే వేళకు భార్యాభర్తలు ఫోటో కోసం వరండాలోకి వచ్చారు. ఫోటోగ్రాఫరు నవ్వమన్నాడు. గోపాలయ్య నవ్వబోయి కడుపు పట్టుకుని కూలిపోయాడు. తెల్లవారకముందే ఆసుపత్రిలో పోయాడు. విషం అన్నారు డాక్టర్లు.

వంటింట్లో ఎలుకల మందు దొరికింది. వంటమనిషి అంజినమ్మకూ గోపాలయ్యకూ పోయిన నెల గొడవ జరిగిందని పనివాళ్ళు చెప్పారు. ఈశ్వరప్పకు ఆ రెండూ చాలు. దొర గదికి సీలు వేసి, ఇద్దరు కానిస్టేబుళ్ళను కాపలా పెట్టి, సాయంత్రం వచ్చి అంజినమ్మను తీసుకుపోతానని చెప్పి కోర్టు పని మీద వెళ్ళిపోయాడు. పోస్టుమార్టం రిపోర్టు రావడానికి రోజులు పడుతుంది. అందాకా ఆగే ఓపిక ఆయనకు లేదు.

కోమల మాత్రం ఫోన్లో ఒకే మాట పట్టుకుంది.

"మేం ఆడ తినలేదమ్మా. ఇంట్లో సంగటి తినే పోయినాం. పోలీసాయప్పకి చెప్తే ఇనడం లేదు. ఆకు ఖాళీగా ఉంది కదా అంటాడు. ఆ వంటామెను పట్టుకొని పోతే నా మొగుణ్ణి చంపినోడు నవ్వుకుంటా తిరగతాడు. నువ్వే ఎట్లన్నా చూడమ్మా."

నాగజ్యోతి చెయ్యి కడుక్కుని వంటింట్లోకి వెళ్ళింది.

అంజినమ్మ బియ్యం మూటకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉంది. తళి ఊరి మనిషి. అరవై ఏళ్ళుంటాయి. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బింది.

"నిన్నటి నుంచి ఏమన్నా తిన్నావా?" అని అడిగింది నాగజ్యోతి, పక్కనే ఉన్న స్టూలు మీద మోకాళ్ళు నొక్కుకుంటూ కూర్చుని.

"యాడ తినేదమ్మా. నీళ్ళు కూడా దిగల్యా."

"పోయిన నెల గొడవేంది?"

"ఆయప్ప వచ్చి, ఆకు చూసి, ఇది తినేదానికా ఫోటో తీసేదానికా అని అందరి ముందర నవ్వినాడు. నాకు కడుపు మండింది. నీ గొంతుకి అడ్డం పడా అని తిట్టినాను. తిట్టింది నిజమేనమ్మా. అబద్ధం ఎందుకు చెప్పేది?"

"ఎలుకల మందు?"

"దొర కాలం నుంచి ఎలకలు ఉండాయి ఈడ. మందు లేకుంటే మమ్మల్నే తినేస్తాయి."

అంజినమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"నేను సంగటి కెలికి, ఉలవచారు కాస్తే మా వీధి వీధంతా గిన్నెలు తీసుకొని వచ్చేదమ్మా. ఈడ యజమాని ఆ తెల్ల గుజ్జే చెయ్యమంటాడు. ఆరేండ్లుగా చేస్తా ఉండాను. పెట్టిన ఆకు పెట్టినట్లే తిరిగొస్తాది. ఆవుకేస్తే ఆవు కూడా మొగం తిప్పుకుంటాది." ఆమె దొర గది వైపు చెయ్యి చూపించింది. "నిన్న ఆ గలాటాలో నేను గది వాకిట్లో నిలబడి చూసినాను. ఆయప్ప ఆకు మడిచి పల్చగా పడి ఉంది. మెతుకు లేదు. తుడుచుకొని తినినాడు. నా వంట తినిన మనిషి ఆయప్ప ఒకడేనమ్మా. ఆయప్పకి నేను విషం పెడతానా?"

నాగజ్యోతికి జాలి వేసింది. దాని వెనకే అనుమానం కూడా వచ్చింది. తన భర్త తినలేదని కోమల అంటుంది. తిన్నాడని ఆకు చెబుతుంది. ఇద్దరిలో ఒకరు అబద్ధమాడుతున్నారు, ఆకులకు అబద్ధమాడే అవసరం మామూలుగా ఉండదు.

బయట కారు ఆగిన చప్పుడైంది.

దిగినవాడు గిరిప్రసాద్. నలభై అయిదేళ్ళు. ఇస్త్రీ చెదరని తెల్ల చొక్కా, ఎర్రబడిన కళ్ళు. తళి దగ్గర బావతో కలిసి గులాబీల గ్రీన్‌హౌస్‌లు నడుపుతాడు. వాటిని అమ్మేద్దామని గోపాలయ్య, వద్దని ఇతను, ఏడాదిగా నడుస్తున్న తగువేనని కోమల పొద్దునే చెప్పింది. ఏ ఇంట్లో లేవులే తగువులు అని తనే కొట్టిపారేసింది కూడా.

"అక్క హ్యాండ్‌బ్యాగు ఈడే మరిచిపోయింది. తీసుకుపోదామని వచ్చినా," అన్నాడు. "మీరేనా అక్క పెట్టుకున్న డిటెక్టివు?"

"నేనే. రెండు మాటలు అడగొచ్చా అప్పా?"

"అడగండమ్మా."

"నిన్న కృష్ణగిరిలో ఎప్పుడు బయల్దేరినారు?"

"నాలుగున్నరకి. ఆరుకంతా ఈడ ఉన్నాము."

"దారిలో యాడన్నా ఆగినారా?"

"యాడా ఆగలేదు. నేరుగా వచ్చేసినాము."

"మీ బావ ఈడ బాగా తినినాడా?"

"తుడిచి తినినాడమ్మా. నా కండ్లారా చూసినా. వద్దు బావా అంటే ఇన్లేదు."

"నువ్వు తినలేదా?"

"నేనెందుకు తింటా? ఈడ ఎవురు తింటారమ్మా?" అనేసి, ఒక్క క్షణం ఆగి, "బావకి నిన్న ఆకలిగా ఉండింది," అని కలిపాడు.

"దీపాలు వెలిగించేటప్పుడు నువ్వు ఫోటోలోకి రాలేదే?"

"ఫోన్ వచ్చింది. గదిలోనే కూర్చొని మాట్లాడ్తా ఉన్నా. బయట కేకలు ఇని పరిగెత్తినా." అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నిజం నీళ్ళే. మనుషులు తమ పనికి తామే ఏడవడం నాగజ్యోతి చాలాసార్లు చూసింది. కాబట్టి నీళ్ళను లెక్కలోకి తీసుకోదు.

వెళ్ళబోతూ అతను కారులోంచి ఒక పొట్లం తెచ్చాడు. అరిటాకులో చుట్టి, పైన పేపరు వేసి, దారంతో కట్టిన పొట్లం.

"ఆ ముసలామె నిన్నటి నుంచి తినలేదంట కదా. తప్పు చేసిందా లేదా అనేది కోర్టు చూసుకుంటాది. ఆకలి ఆకలే కదమ్మా. పెళ్ళిరోజని నిన్న అక్కావాళ్ళింట్లో చేసిన ఒబ్బట్లు. కారులోనే ఉండిపోయినాయి. నేనిస్తే తీసుకోదు. మీ చేత్తో ఇయ్యండి."

పొట్లం నుంచి నెయ్యి, బెల్లం కలిసిన వాసన గుప్పుమంది. నాగజ్యోతి కడుపు సిగ్గు లేకుండా అరిచింది. దారం మీద వేలు కూడా పడింది. పస్తులున్న మనిషి నోటి దగ్గరిది తీసుకునేంత గతి ఇంకా పట్టలేదని తనకు తాను చెప్పుకుని, పొట్లం తీసుకుపోయి అంజినమ్మ ఒళ్ళో పెట్టింది.

"తిను. స్టేషన్లో ఎప్పుడు పెడతారో ఏమో."

అంజినమ్మ తలూపింది. గిరిప్రసాద్ కారు గేటు దాటిపోయింది. దాని వెనకే ఈశ్వరప్ప జీపు లోపలికి వచ్చింది. చెప్పిన వేళకంటే ముందే వచ్చాడు.

ఈశ్వరప్ప జీపులోంచి ముందు పొట్ట దిగింది, తర్వాత ఆయన. "మధ్యాహ్నం అన్నం కూడా లేకుండా నిలబెట్టినారు కోర్టులో," అని ఎవరికో చెబుతున్నట్టు అని, నాగజ్యోతిని చూసి మొహం చిట్లించాడు.

"ఏమక్కా, ఈడ కూడానా? ఉద్యోగం వదిలి ఎన్నేండ్లైంది మీరు?"

"నీ మొదటి ఎఫ్ఐఆర్‌లో తప్పులు దిద్దిచ్చినాను చూడు, దాని మరుసటేడు వదిలినాను."

కానిస్టేబుళ్ళు పక్కకు తిరిగి నవ్వుకున్నారు. ఈశ్వరప్ప చెవులు ఎర్రబడ్డాయి.

"దొర గది తలుపు తియ్యి ఈశ్వరప్పా. నేను ఏమీ ముట్టను. నువ్వు పక్కనే ఉండు."

"దేనికక్కా? మందు దొరికింది, పగ దొరికింది, ఆకు ఖాళీ. ఆయమ్మ పెట్టింది, ఈయప్ప తినినాడు. ఇంకేం కావాల?"

"ఆ ఖాళీ ఆకే కావాల. ఈ బంగళాలో ఆకు ఖాళీ అయిందంటే నీకు అనుమానం రాలేదా?"

"తిండి ముందర పెడితే మనిషి తింటాడు. దాంట్లో అనుమానమేంది?" అన్నాడు ఈశ్వరప్ప. తిండి విషయంలో ఆయన ప్రపంచాన్ని తన కొలతతోనే కొలుస్తాడు. అయినా, తర్వాత కోర్టులో ఈమె నోరు తెరవకుండా ఉంటుందనే ఆశతో కాబోలు, సీలు తీయించాడు.

గది మూసిన వాసన కొడుతోంది. మధ్యలో పొడవాటి బల్ల. బల్లకు ఒక పక్కన చెక్కడపు పనితో రెండు పెద్ద టేకు కుర్చీలు, ఇద్దరు మనుషులు కలిసి ఎత్తినా లేవనంత బరువైనవి. జంటగా వచ్చినవాళ్ళను ఆ రెండింటిలో పక్కపక్కన కూర్చోబెట్టడం బంగళా పద్ధతి. వాటికి ఎదురుగా ఒక బల్లపీట. ఎడమ కుర్చీ కింద మగవాళ్ళ చెప్పులు. కుడి కుర్చీ చేతికి కోమల హ్యాండ్‌బ్యాగు ఇంకా వేలాడుతోంది. గిరిప్రసాద్ దాన్ని అడగకుండానే వెళ్ళిపోయాడని నాగజ్యోతికి అప్పుడు తట్టింది.

బల్ల మీద మడిచిన మూడు అరిటాకులు వాడిపోయి ఉన్నాయి.

నాగజ్యోతి నడుము మీద చెయ్యి వేసుకుని వంగింది. కోమల ఆకు లోపలి తిండితో ఉబ్బి ఉంది. పీట వైపున్న గిరిప్రసాద్ ఆకూ ఉబ్బే ఉంది. గోపాలయ్య ఆకు మాత్రం పల్చగా, ఇస్త్రీ చేసిన గుడ్డలా పడి ఉంది.

ఆమె మూడు ఆకులనూ మళ్ళీ ఒకటొకటిగా చూసింది. ఈశ్వరప్ప గడియారం చూసుకున్నాడు.

"నువ్వు పెండ్లిలో తిని లేచేటప్పుడు ఆకు ఎట్ల మడుస్తావు ఈశ్వరప్పా?"

"ఎట్లేంది? అందరి మాదిరే. అవతలి సగం పట్టుకొని మన తట్టు మడిచేది."

"అవతలికి ఎప్పుడు మడుస్తారు?"

"చావు భోజనంలో." అని, ఈశ్వరప్ప కూడా వంగాడు.

కోమల ఆకు ఆమె కుర్చీ వైపుకు మడిచి ఉంది. గిరిప్రసాద్ ఆకు పీట వైపుకు మడిచి ఉంది. గోపాలయ్య ఆకు ఆయన కుర్చీ వైపుకు లేదు. ఇవతలి సగాన్ని ఎత్తి అవతలికి, పీట వైపుకు మడిచి ఉంది.

"నలభయ్యో పెండ్లిరోజు. పక్కన పెండ్లాం కూర్చొని ఉంది," అంది నాగజ్యోతి మెల్లగా. "శెట్టి కుటుంబం, దినం చూడకుండా గడప దాటని మనిషి. చావు ఆకు మడిచినట్ల మడుస్తాడా?"

"ఒంట్లో బాగాలేక, తెలీకుండా..."

"ఒంట్లో బాగాలేనోడు ఆకు తుడిచి తింటాడా? ఆయప్ప ఆకు మడవనేలేదప్పా. కడుపులో తిప్పి, ఆకు అట్లే వదిలి, ఫోటోకి పిలిస్తే బయటికి పోయినాడు. మడిచింది ఎదురుగా కూర్చున్నోడు. వాడి చెయ్యి అలవాటుగా వాడి తట్టుకే మడిచింది. చెయ్యి చేసిన పని బుర్రకి తెలీలేదు."

ఈశ్వరప్ప నవ్వడానికి ప్రయత్నించాడు. "ఇది కోర్టులో చెప్తే జడ్జి లేచి పోతాడక్కా. సరే, ఎదురుగా కూర్చున్నోడు మడిచినాడే అనుకుందాం. లోపల ఉండే తిండి యాడ పోయింది? వాడు తినినాడా?"

"ఈ తిండినా? చంపేదానికి ఒప్పుకుంటాడు కానీ, తినేదానికి ఒప్పుకోడు."

ఆమె గది చుట్టూ చూసింది. కిటికీలకు ఇనుప జాలీలు. తలుపు వరండాలోకే. గోడలో చలిమంట గూడు, దాంట్లో అందం కోసం పేర్చిన కట్టెలు. ఏళ్ళ తరబడి అంటించని కట్టెలు. నాగజ్యోతి మోకాళ్ళను తిట్టుకుంటూ నేల మీద కూర్చుని, ఫోన్ లైటు వేసి కట్టెల వెనక్కి చూసింది.

పులావు అక్కడ కుప్పగా పడి ఉంది. దాని పైన తెల్ల సాసు, చీమలు. ఒక పక్కన పసుప్పచ్చ పుడ్డింగు ముక్క. అది ఇంకా గట్టిగానే నిలబడి ఉంది.

ఈశ్వరప్ప మోకాళ్ళ మీద కూర్చుని చూసి లేచాడు.

"విషం ఈ తిండిలో లేదు," అంది నాగజ్యోతి. "ఈడికి వచ్చేలోపలే లోపలికి పోయింది. ఆకు నిండుగా ఉండిపోతే వంట మీదికి నేరం రాదు. అందుకని ఖాళీ చేసినాడు. ఊరంతా దీపాలు చూస్తా ఉంటే, వాడొక్కడే గదిలో ఉన్నాడు."

"ఒట్టి కుప్పతో వాణ్ణి పట్టుకోలేనక్కా," అన్నాడు ఈశ్వరప్ప. గొంతులో ఇందాకటి ఎకసెక్కం లేదు. "యాడ పెట్టినాడు, దేంట్లో పెట్టినాడు? అది చెప్పండి, వంటామెను వదిలేస్తా. లేకుంటే పైనోళ్ళకి నేను ఏం చెప్పాల?"

"కోమలకి ఒక ఫోన్ చెయ్యనీ."

"చెయ్యండి. నేను వంటింట్లో నీళ్ళు తాగొస్తా. కడుపులో ఎలుకలు పరిగెత్తతా ఉండాయి."

ఆయన వెళ్ళాక నాగజ్యోతి వరండా మెట్టు మీద కూలబడింది. గెలిచినట్టు అనిపించాలి, అనిపించలేదు. అంజినమ్మ బయటపడుతుంది. బయటపడాలంటే, తన వంటను ఆ ఒక్క మనిషి కూడా తినలేదని ఆమెకు తెలియాలి. ఆ మాట ఎవరు చెప్పాలి? తనే చెప్పాలి, ఇంకెవరు చెబుతారు. ఇలాంటి మాటలు చెప్పి చెప్పి ఆమెకు విసుగొచ్చేసింది. నిట్టూర్చి కోమల నంబరు నొక్కింది.

"అమ్మా, నిన్న దారిలో కారు యాడన్నా ఆపినారా?"

"గురుబరపల్లిలో ఆపినాము కదమ్మా. నేను పూలకని దిగినాను. వాళ్ళిద్దరూ కారులోనే ఉన్నారు."

గిరిప్రసాద్ యాడా ఆగలేదన్నాడు. నాగజ్యోతి నిటారుగా కూర్చుంది.

"అప్పుడు మీ ఆయన ఏమన్నా తినినాడా?"

"నా కంటికైతే ఏమీ కనపళ్ళేదు. పూలు కట్టించుకొని వచ్చి కూర్చుంటే కారంతా నెయ్యి వాసన. ఏందిరా గిరీ అంటే, బావా బామ్మర్దీ ఒకరి మొగం ఒకరు చూసుకొని నవ్వుకున్నారు." కోమల ముక్కు చీదింది. "అదే ఆయప్ప ఆఖరి నవ్వు."

నెయ్యి వాసన. నాగజ్యోతి తెలియకుండానే తన వేళ్ళు వాసన చూసుకుంది. పొట్లం దారం తాకిన వేళ్ళు.

"నిన్న మీ ఇంట్లో చేసిన ఒబ్బట్ల వాసనేమో అమ్మా," అంది.

"మా ఇంట్లో ఒబ్బట్లా? ఎవురు చెప్పినారు? ఆయప్పకి షుగరమ్మా. రెండేండ్లైంది మా ఇంట్లోకి బెల్లం గడ్డ వచ్చి. ఒబ్బట్లంటే ప్రాణమే ఆయప్పకి, నేనే పెట్టను. నేను చూడకుండా ఎవురన్నా పెడితే..."

కోమల మాట అక్కడే ఆగిపోయింది. నాగజ్యోతి ఫోన్ పెట్టెయ్యలేదు. ఫోన్ చేతిలో ఉన్నదన్న సంగతే మరిచిపోయి, మోకాళ్ళున్న సంగతి కూడా మరిచిపోయి, వంటింటి వైపు పరిగెత్తింది. వంటమనిషి తప్పు చేసి, భయపడి, తనూ అదే విషం తిని చచ్చిందనుకుంటారు. కేసు మూత. గిరిప్రసాద్ కోరుకున్నది అదే. ఆ పొట్లాన్ని తనే, తన చేత్తోనే, తిను అని చెప్పి మరీ ఒళ్ళో పెట్టి వచ్చింది.

అంజినమ్మ అదే చోట, బియ్యం మూటకు ఆనుకుని కూర్చుని ఉంది. ముందర పొట్లం విప్పి ఉంది. ఆకు మీద ఒక్క ఒబ్బట్టు మిగిలింది.

"తినినావా?" నాగజ్యోతి ఆమె భుజాలు పట్టుకుని ఊపేసింది. "అంజినమ్మా, చెప్పు! తినినావా?"

"లేదమ్మా." ముసలామె బిత్తరపోయి చూసింది. "నా వంట తినినోడు ఆయప్ప ఒకడే. ఆయప్ప పోయిన దినమే నాకు తీపి యాడ దిగుతాదమ్మా? నోటి దాకా తీసుకొని కూడా పెట్టేసినా."

నాగజ్యోతి గోడకు చెయ్యి ఆనించుకుంది. అప్పుడు మళ్ళీ ఆకు వైపు చూసింది. పొట్లం బరువు ఆమె చేతికి ఇంకా గుర్తుంది. అది ఒక్క ఒబ్బట్టు బరువు కాదు.

"మిగిలినవి యాడ?"

"సారు వచ్చి ఆకలిగా ఉందన్నాడు. పారేస్తే పాపం కదా అని ఇచ్చినాను."

పెరటి గుమ్మంలో ఈశ్వరప్ప కర్చీఫుతో వేళ్ళు తుడుచుకుంటూ నిలబడి ఉన్నాడు. పొద్దుటి నుంచి ఆ మొహంలో లేని తృప్తి ఇప్పుడు కనిపిస్తోంది.

"ఈ బంగళాలో నోట్లో పెట్టుకునేటిది ఇదొక్కటే ఉందక్కా," అన్నాడు. "ఏమంటుంది కోమలమ్మ? దేంట్లో పెట్టినాడంట?"

నాగజ్యోతి ముందుకు వచ్చి ఆయన చొక్కా జేబులోంచి జీపు తాళం లాక్కుంది. గురుబరపల్లి నుంచి దీపాల వేళ దాకా గోపాలయ్య నిలబడగలిగాడు. హోసూరు ఆసుపత్రి అంత దూరం లేదు.

"ఎన్ని తినినావు ఈశ్వరప్పా?"

ఆమె మొహం చూసి ఈశ్వరప్ప నవ్వు ఆగిపోయింది. మిగిలిన ఒబ్బట్టు వైపు చూశాడు, ఆమె చేతిలోని ఫోన్ వైపు చూశాడు. ఫోన్లోంచి కోమల ఏడుపు సన్నగా వినిపిస్తోంది.

"రెండు," అన్నాడు. అప్పటికే ఆయన చెయ్యి కడుపు మీదికి పోయింది.